మెదడు గాయం, జ్ఞాపకశక్తి పరీక్ష, ప్రయత్న లోపం: ఒక వివాద సమీక్ష

తలకు దెబ్బ తగిలిన వ్యక్తి జ్ఞాపకశక్తి ఎంత దెబ్బతిన్నదో తేల్చడానికి న్యూరోసైకాలజిస్టులు ప్రధానంగా ఆధారపడేది పరీక్షల మీదే. పదాల జాబితా వినిపించి కొంతసేపటి తరువాత తిరిగి చెప్పమనడం, బొమ్మ చూపించి దాన్ని దాచి గీయమనడం, అంకెలను ముందు నుంచి, వెనుక నుంచి అప్పజెప్పమనడం వంటి ఈ పరీక్షలన్నిటి వెనుకా ఒక షరతు ఉంది: పరీక్షకు కూర్చున్నవారు తమ శక్తి మేరకు ప్రయత్నించాలి. ఉన్న శక్తికి మించి మార్కులు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు గాని, తక్కువ తెచ్చుకోవడం ఎవరికైనా సాధ్యమే. కాబట్టి తక్కువ మార్కులు కనిపించినప్పుడు అవి గాయాన్ని చూపుతున్నాయా, ప్రయత్న లోపాన్ని చూపుతున్నాయా అన్న ప్రశ్న తప్పదు.

ఈ ప్రశ్న ఎక్కువగా ముదిరేది తేలికపాటి తలగాయం విషయంలో. స్పృహ కోల్పోయిన వ్యవధి 30 నిమిషాలకు మించకుండా, గాయం తరువాతి మతిమరుపు 24 గంటలు దాటకుండా, స్పృహ స్థాయిని కొలిచే గ్లాస్గో స్కేలులో మార్కు 13 నుంచి 15 మధ్య ఉంటే దాన్ని ఈ కోవలో చేర్చాలని అమెరికా పునరావాస వైద్య సంస్థ 1993లో నిర్వచించింది. ఇటువంటి కేసుల్లో స్కానింగు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, ఎక్కువమంది కొన్ని వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటారు. ఏళ్లు గడిచినా మతిమరుపు పోలేదంటూ నష్టపరిహారం కోరేవారి విషయంలో పరీక్ష మార్కులే ముఖ్య సాక్ష్యమవుతాయి. అర్ధ శతాబ్దంగా సాగుతున్న చర్చ అక్కడి నుంచే చిక్కుపడింది. ఆ చిక్కులో మూడు వేరువేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి: మార్కులు నమ్మదగినవా, కాకపోతే కారణమేమిటి, ఆ కారణాన్ని ఎంత నిశ్చయంగా చెప్పవచ్చు. ఒక్కో ప్రశ్నకు ఉన్న ఆధారం ఒక్కో రకమైనదని గుర్తించకపోవడమే వివాదంలో సగభాగానికి మూలం.

అనుమానానికి ఉన్న చరిత్ర

గాయపడినవారి ఫిర్యాదు నిజమా కాదా అన్న అనుమానం పరిహారం చెల్లించే వ్యవస్థలతో పాటే పెరిగింది. రైలు ప్రమాదాల్లో బయటపడి, పైకి గాయం కనిపించకపోయినా జ్ఞాపకం మందగించిందని, నిద్ర పట్టడం లేదని చెప్పినవారి గురించి లండన్ శస్త్రచికిత్సకుడు జాన్ ఎరిక్ ఎరిక్సెన్ 1866లో రాస్తూ, వెన్నుపాముకు తగిలిన అదురే దానికి కారణమని వాదించాడు. లండన్ అండ్ నార్త్ వెస్ట్రన్ రైల్వేకు వైద్యుడిగా ఉన్న హెర్బర్ట్ పేజ్ 1883లో దాన్ని ఖండించి, భయమూ మానసిక ఆఘాతమూ చాలావరకు ఆ లక్షణాలకు కారణమన్నాడు. జర్మన్ మానసిక వైద్యుడు జీగ్‌బర్ట్ గాన్సర్ 1898లో ప్రచురించిన వ్యాసంలో, సులభమైన ప్రశ్నలకు సరైన జవాబుకు పక్కపక్కనే తప్పు జవాబులు చెప్పే ఖైదీలను వర్ణించాడు. వారు కావాలని అలా చేస్తున్నారా, తమకు తెలియకుండానే చేస్తున్నారా అన్నది ఆనాటి నుంచి తేలని చర్చ.

బ్రిటిష్ న్యూరాలజిస్టు హెన్రీ మిల్లర్ 1961లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, ప్రమాదం తరువాతి అనేక ఫిర్యాదులు పరిహారం మీద ఆశతో ముడిపడినవని, కేసు పరిష్కారమయ్యాక అవి తగ్గిపోతాయని గట్టిగా చెప్పాడు. పరిహారం అందిన తరువాత కూడా ఎందరికో లక్షణాలు కొనసాగాయని తరువాతి పరిశీలనలు చూపడంతో ఆ సూత్రీకరణ బలం తగ్గింది. ఈ తొలి దశ అంతటా ఇరుపక్షాల చేతిలోనూ ఉన్నది వైద్యుడి అభిప్రాయమే, కొలమానం కాదు.

నిపుణుడి కన్ను మీద నమ్మకం సడలిన కాలం

అనుభవం గల నిపుణుడు నటనను మార్కుల తీరు చూసే పసిగట్టగలడన్న నమ్మకాన్ని రెండు అధ్యయనాలు కదిలించాయి. రాబర్ట్ హీటన్ బృందం 1978లో నిజమైన తలగాయం ఉన్న 16 మంది మార్కులను, గాయాన్ని నటించమని చెప్పిన 16 మంది మార్కులను కలిపి పది మంది న్యూరోసైకాలజిస్టులకు ఇచ్చింది. వారి తీర్పులు గుడ్డిగా చెప్పినదానితో సమానం మొదలుకొని దానికన్నా సుమారు 20 శాతం మెరుగు వరకు మాత్రమే ఉన్నాయి. డేవిడ్ ఫౌస్ట్ బృందం 1988లో, పరీక్షలో కావాలని తక్కువ చేయమని చెప్పిన పిల్లల ఫలితాలను నిపుణులకు పంపినప్పుడు, స్పందించినవారిలో 93 శాతం మంది అసాధారణత ఉందన్నారు గాని, నటన ఉందని ఒక్కరూ చెప్పలేదు.

ఈ అధ్యయనాల మీద విమర్శ లేకపోలేదు. నిపుణులకు కాగితం మీది మార్కులు తప్ప పరీక్షార్థిని చూసి మాట్లాడే అవకాశం లేదని, నటన అనే మాటే తలపుకు రాని సందర్భంలో వారిని అడిగారని విమర్శకులు ఎత్తిచూపారు. అయినా, నిపుణుడి అంచనా ఒక్కటే సరిపోదని, ప్రయత్నాన్ని విడిగా కొలవాలని మెజారిటీ అభిప్రాయం ఏర్పడింది. దాని నుంచే ప్రత్యేక పరీక్షల తరం పుట్టింది.

పరీక్షలు పనిచేసే తీరు

ఈ పరీక్షలన్నిటి కీలకం ఒకటే: పైకి కష్టంగా కనిపించాలి, నిజానికి సులభంగా ఉండాలి. జెనీవా మనస్తత్వవేత్త ఆంద్రే రే రూపొందించిన పదిహేను అంశాల పరీక్ష దీనికి తొలి నమూనాల్లో ఒకటి. పదిహేను వేరువేరు అంశాలున్నాయని నొక్కి చెప్పి కార్డును పది సెకన్లు చూపి, గుర్తున్నవి రాయమంటారు. కార్డు మీద ఐదు వరుసలు, వరుసకు మూడు అంశాలు ఉంటాయి: రోమన్ లిపిలోని మొదటి మూడు పెద్ద అక్షరాలు, అవే చిన్న అక్షరాలుగా, ఒకటి రెండు మూడు అంకెలు, అవే రోమన్ అంకెల్లో, ఇక వృత్తం, చతురస్రం, త్రిభుజం. వరుసల క్రమం పట్టుబడితే గుర్తుపెట్టుకోవలసింది ఐదు సంగతులే కాబట్టి, తొమ్మిది కన్నా తక్కువ రాస్తే అనుమానించడం వాడుకలోకి వచ్చింది.

రెండో రకం నిర్బంధ ఎంపిక పరీక్ష, అంటే రెండు జవాబుల్లో ఒకదాన్ని తప్పక ఎంచుకోవలసిన పరీక్ష. చెవుడు నిజమా కాదా తేల్చడానికి లోరెన్ పాంక్రాట్జ్, ఆయన సహచరులు 1975లో ప్రకటించిన ఈ పద్ధతిని 1983లో జ్ఞాపకశక్తికి అన్వయించారు. దీని బలం సంభావ్యతా గణితంలో ఉంది. 50 ప్రశ్నలకు ఏమీ గుర్తులేని మనిషి గుడ్డిగా జవాబు చెప్పినా సగటున 25 సరిపోతాయి. 18 గాని అంతకన్నా తక్కువ గాని రావడం కేవలం అదృష్టవశాత్తు నూటికి మూడుసార్లే జరుగుతుంది. అంతకన్నా దిగువకు మార్కు పోయేకొద్దీ, సరైన జవాబు తెలిసే తప్పు జవాబు ఎంచుకున్నారన్న అనుమానం బలపడుతుంది.

అంత దిగువకు పోయేవారు అరుదు కావడంతో కటాఫ్‌ను పైకి జరిపారు. టామ్ టాంబా 1996లో ప్రచురించిన జ్ఞాపక నటన పరీక్షలో 50 రేఖాచిత్రాలను ఒక్కొక్కటి మూడు సెకన్లు చూపి, తరువాత చూసిన బొమ్మను, చూడని బొమ్మను జంటగా పెట్టి ఎంచుకోమంటారు. రెండో విడతలో 45 కన్నా తక్కువ వస్తే మార్కులు సందేహాస్పదం. ఇక్కడి తీర్పుకు ఆధారం గణితం కాదు, నిజమైన రోగులు అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంటారన్న అనుభవం. కెనడాకు చెందిన పాల్ గ్రీన్ పద జ్ఞాపక పరీక్ష కూడా ఇదే సూత్రం మీద 20 జంట పదాలతో నడుస్తుంది.

మూడో రకం అంతర్లీన సూచికలు: మామూలు పరీక్షలో వచ్చిన మార్కుల నుంచే ప్రయత్నాన్ని అంచనా వేసే లెక్కలు. గ్రైఫెన్‌స్టైన్ బృందం 1994లో ప్రతిపాదించిన అంకెల విస్తృతి సూచిక ఇందులో ప్రసిద్ధం. ఒక వ్యక్తి ఐదంకెల వరుసలను ముందు నుంచి రెండుసార్లూ సరిగా చెప్పి, వెనుక నుంచి నాలుగంకెల వరకు రెండుసార్లూ సరిగా చెబితే, ఆ రెండు కలిపి తొమ్మిది. మొత్తం ఏడు గాని, మరింత కఠినంగా చూస్తే ఆరు గాని అంతకన్నా తక్కువ గాని అయితే సందేహం.

| పరీక్ష రకం | బలం | పరిమితి |
|---|---|---|
| పదిహేను అంశాల పరీక్ష | త్వరగా, ఖర్చు లేకుండా జరుగుతుంది | నటించేవారిలో చాలామంది తప్పించుకుంటారు. చదువు తక్కువైనవారు ఫెయిల్ కావచ్చు |
| నిర్బంధ ఎంపిక, గుడ్డి మార్కు కన్నా తక్కువ | గణితపరంగా బలమైన ఆధారం | అంత దిగువకు పోయేవారు కొద్దిమందే |
| నిర్బంధ ఎంపిక, అనుభవసిద్ధ కటాఫ్ | ఎక్కువమందిని పట్టుకుంటుంది | తీవ్ర మతిమరుపు ఉన్నవారినీ పట్టుకోవచ్చు |
| అంతర్లీన సూచికలు | అదనపు సమయం అక్కర్లేదు, ముందే నేర్పించడం కష్టం | గాయం ప్రభావాన్ని, ప్రయత్న లోపాన్ని వేరు చేయడం కష్టం |

ఎంతమందిలో? అంకెల వెనుక చిక్కు

మిటెన్‌బర్గ్ బృందం 2002లో అమెరికా న్యూరోసైకాలజిస్టులను సర్వే చేసి, ఏటా చూసిన 33,531 కేసుల ఆధారంగా ఇచ్చిన అంచనాలు విరివిగా ఉదహరింపబడతాయి. లక్షణాలను పెంచి చెప్పడం గాని నటించడం గాని సంభావ్యమని తోచిన కేసులు వ్యక్తిగత గాయాల దావాల్లో 29 శాతం, వైకల్య దరఖాస్తుల్లో 30 శాతం, క్రిమినల్ కేసుల్లో 19 శాతం, దావాతో సంబంధం లేని వైద్య కేసుల్లో 8 శాతం అని నివేదించారు. తేలికపాటి తలగాయంలో ఆ అంచనా 39 శాతం. పరిహారం కోరే కేసుల్లో రేటు 40 శాతానికి పది అటూ ఇటూ ఉంటుందని గ్లెన్ లారబీ, ఆయన సహచరులు తరువాత సూత్రీకరించారు.

ఈ అంకెలు తీర్పును ఎలా మారుస్తాయో ఒక లెక్కతో తెలుస్తుంది. ఒక పరీక్ష ప్రయత్న లోపం ఉన్నవారిలో సగం మందిని పట్టుకుంటుందని, నిజాయితీగా రాసేవారిలో పదో వంతు మందిని తప్పుగా పట్టుకుంటుందని అనుకుంటే, 40 శాతం రేటున్న నూరు దావా కేసుల్లో 20 మంది సరిగ్గానూ, ఆరుగురు తప్పుగానూ ఫెయిల్ అవుతారు. ఫెయిలైనవారిలో సుమారు 77 శాతం మందిపై అనుమానం నిజమే. అదే పరీక్షను 8 శాతం రేటున్న ఆసుపత్రి రోగులకు పెడితే నలుగురు సరిగ్గానూ, తొమ్మిది మంది తప్పుగానూ ఫెయిల్ అవుతారు. అనుమానం నిజమయ్యేది సుమారు 30 శాతం మందిలోనే. పరీక్ష, కటాఫ్ మారకపోయినా తీర్పు బలం తారుమారైంది. పైగా ఆ రేట్లలో చాలావరకు అవే పరీక్షల మీద, వాటిని వాడే నిపుణుల అంచనాల మీద ఆధారపడినవి. చక్రాకారంగా తిరిగే ఈ తర్కం నుంచి పూర్తిగా బయటపడే దారి ఇంకా దొరకలేదు.

మూడు వాదాలు

మొదటిది ప్రామాణ్యతకు పెద్దపీట వేసే వాదం. ప్రామాణ్యత అంటే మార్కు తాను కొలవవలసినదాన్నే కొలుస్తోందన్న హామీ. పరిహారం కోరేవారిలో మార్కుల మీద తీవ్ర మెదడు గాయం చూపే ప్రభావం కన్నా ప్రయత్న లోపం చూపే ప్రభావమే ఎక్కువని గ్రీన్, రోలింగ్, లీస్-హేలీ, అలెన్ 2001లో నివేదించారు. మేధో పరిమితులున్న పిల్లలు సైతం దాటగలిగే పరీక్షలో తేలికపాటి దెబ్బ తగిలిన పెద్దలు ఫెయిల్ కావడం గాయంతో వివరించలేమన్నది ఈ పక్షం వాదన. అమెరికా వృత్తి సంస్థలు 2005లో, 2009లో, 2021లో వెలువరించిన పత్రాలు ప్రామాణ్యత పరీక్షలు మూల్యాంకనంలో అవసరమైన భాగమన్న దృక్పథాన్ని బలపరిచాయి.

రెండోది జాగ్రత్త వాదం. ఎరిన్ బిగ్లర్, ఆయన సహచరులు ఈ పరీక్షలు చెప్పుకున్నంత సులభమైనవి కావని వాదించారు. పద జ్ఞాపక పరీక్ష చేస్తున్న ఆరోగ్యవంతుల మెదడును 2007లో ఎఫ్ఎంఆర్ఐలో చూసినప్పుడు శ్రద్ధకు, జ్ఞాపకానికి సంబంధించిన ప్రాంతాలు చురుకుగా కనిపించడం వారు చూపిన ఒక ఆధారం. మెర్టెన్ బృందం అదే ఏడాది, స్పష్టమైన జ్ఞాపక, ఆలోచనా లోపాలున్న రోగుల్లో ఈ పరీక్షలు తప్పు దారి పట్టించే అవకాశం ఉందని హెచ్చరించింది. పరిహారంతో సంబంధం లేని రోగుల్లో కూడా ఫెయిల్ కావడం అరుదు కాదని లారా మెక్‌వర్టర్ బృందం 2020లో జరిపిన క్రమబద్ధ సమీక్ష చూపింది. కటాఫ్‌కు ఒకటి రెండు మార్కుల దూరంలో ఆగిపోయినవారి విషయంలో ఈ వాదం బరువు మరీ ఎక్కువ.

మూడోది మధ్యస్థ కారణాలను ముందుకు తెచ్చే వాదం. తలగాయం అయినవారికి మతిమరుపు వస్తుందని ముందే నమ్మినవారు ఆ నమ్మకానికి తగినట్టే చేస్తారని మిటెన్‌బర్గ్ 1992లో వివరించాడు. పరీక్షకు ముందు గాయం చరిత్ర మీదికి దృష్టి మళ్లించినప్పుడు మార్కులు తగ్గడాన్ని జూలీ సూర్, జాన్ గన్‌స్టాడ్ 2002లో నివేదించి, దానికి రోగనిర్ధారణ ముప్పు అని పేరు పెట్టారు. తరువాతి అధ్యయనాల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. నొప్పి, నిద్రలేమి, దిగులు, పరీక్షకుడి మీద కోపం, ఏళ్ల తరబడి దావా నడపడం వల్ల వచ్చే విసుగు కూడా ప్రయత్నాన్ని తగ్గించవచ్చని ఈ పక్షం గుర్తుచేస్తుంది. మొదటి వాదం మార్కు గురించి, మూడో వాదం మనిషి గురించి మాట్లాడుతున్నాయి కాబట్టి, అవి కనిపించినంత విరుద్ధమైనవి కావు.

ప్రయత్నం నుంచి ఉద్దేశానికి

అమెరికా మానసిక వైద్య సంఘం వర్గీకరణ గ్రంథం ప్రకారం, డబ్బు, శిక్ష తప్పించుకోవడం వంటి బయటి లాభం కోసం లక్షణాలను కావాలని సృష్టించడమే జబ్బు నటించడం. అది మానసిక వ్యాధి కిందికి రాదు. రోగి పాత్ర కోసమే లక్షణాలు సృష్టించుకోవడం వేరు, తెలియకుండానే లక్షణాలు పుట్టడం వేరు. ఈ మూడింటినీ విడదీసేది ఉద్దేశం; ఏ పరీక్షా నేరుగా కొలవలేనిది కూడా అదే.

ఆ లోటు పూడ్చడానికి స్లిక్, షెర్మన్, ఐవర్సన్ 1999లో ప్రమాణాలు రూపొందించి, నటనను నిశ్చితం, సంభావ్యం, సాధ్యం అని మూడు మెట్లుగా విభజించారు. గుడ్డి మార్కు కన్నా గణనీయంగా తక్కువ రావడంతో పాటు బయటి లాభం ఉండి, ఇతర వివరణలు కొట్టివేయబడితేనే మొదటి మెట్టు. 2020లో వీటిని సవరించారు. లారబీ 2012లో పరిభాషను చక్కదిద్దుతూ, పరీక్షలోని ప్రవర్తనను కొలిచేదాన్ని పనితీరు ప్రామాణ్యత అని, ఫిర్యాదుల నిజానిజాలను కొలిచేదాన్ని లక్షణాల ప్రామాణ్యత అని విడదీశాడు. ప్రశ్నాపత్రంలో లక్షణాలను పెంచి చెప్పినవారు పరీక్షలో బాగానే ప్రయత్నించి ఉండవచ్చు, దీనికి విపర్యయమూ జరగవచ్చు.

కోర్టుల్లో, భారతీయ సందర్భంలో

శాస్త్రీయ సాక్ష్యాన్ని న్యాయమూర్తి జల్లెడ పట్టాలని అమెరికా సుప్రీంకోర్టు 1993లో డాబర్ట్ కేసులో చెప్పిన తరువాత, దోష రేటు తెలిసిన పరీక్షలకు అక్కడి కోర్టుల్లో విలువ పెరిగింది. అదే సమయంలో పరీక్ష గుట్టు బయటపడే ప్రమాదమూ పెరిగింది. ఏ పరీక్ష దేనికోసమో న్యాయవాది ముందే చెబితే అది పనికిరాకుండా పోతుంది. న్యాయవాదికి ఇది కక్షిదారుకు ఇవ్వవలసిన సలహా, పరీక్షకుడికి సాక్ష్యాన్ని చెడగొట్టడం. ఈ వృత్తిధర్మాల ఘర్షణ ఇంకా పరిష్కారం కాలేదు.

భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం కింద ఏర్పడిన ట్రిబ్యునళ్లకు తలగాయం కేసులు నిత్యం వస్తాయి. శరీర వైకల్య శాతమూ సంపాదన సామర్థ్యంలో జరిగిన నష్టమూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో స్పష్టం చేయడంతో, గాయపడినవారి పనితీరుకు సంబంధించిన సాక్ష్యానికి ప్రాధాన్యం పెరిగింది. నిమ్హాన్స్ 2004లో తెచ్చిన పరీక్షల సముదాయం ఇక్కడి నిపుణులకు ఆధారమైంది. ఐసీఎంఆర్ న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో రూపొందింది గాని, దాని లక్ష్యం డిమెన్షియా, దాని పూర్వస్థితుల గుర్తింపు. ప్రయత్నాన్ని తేల్చడం దాని పని కాదు. రోమన్ అక్షరాలూ రోమన్ అంకెలూ పరిచయం లేని వ్యవసాయ కూలీకి రే కార్డులోని ఐదు వరుసల్లో మూడు కేవలం గీతలే. అటువంటివారి మీద తొమ్మిది అనే కటాఫ్ పెడితే చదువు లేకపోవడం ప్రయత్న లోపంగా నమోదవుతుంది. విదేశీ కటాఫ్‌లను ఇక్కడి జనాభాలో పరీక్షించకుండా వాడకూడదన్న జాగ్రత్తకు ఇదే ఆధారం.

తేలినవి, తేలనివి

ప్రయత్నాన్ని ఊహతో కాక కొలతతో అంచనా వేయాలి, ఒక్క పరీక్ష మీద తీర్పు చెప్పకూడదు, గుడ్డి మార్కు కన్నా బాగా తక్కువ రావడం అత్యంత బలమైన ఆధారం, డిమెన్షియా వంటి తీవ్ర లోపాల్లో మామూలు కటాఫ్‌లు పనిచేయవు: ఈ నాలుగింటి మీద దాదాపు ఏకాభిప్రాయం ఉంది.

తేలనివాటిలో మొదటిది, అనేక పరీక్షలు పెట్టినప్పుడు పెరిగే పొరపాటు. ఒక్కోదానిలో పది శాతం తప్పుడు అనుమానం ఉన్న ఐదు పరీక్షలు పరస్పరం స్వతంత్రమైనవైతే, నిజాయితీపరుల్లో సుమారు 41 శాతం మంది కనీసం ఒకదానిలో ఫెయిల్ అవుతారు. కనీసం రెండింటిలో ఫెయిలయ్యేవారు సుమారు 8 శాతం. రెండు ఫెయిళ్లుంటేనే అనుమానించాలన్న వాడుక ఈ తర్కానికి సరిపోతుంది. కాని వాస్తవంలో ఆ పరీక్షలు స్వతంత్రం కావు. పరీక్షలు పెరిగేకొద్దీ తప్పుడు అనుమానమూ పెరుగుతుందని కంప్యూటర్ అనుకరణ ఆధారంగా బెర్తెల్సన్ బృందం 2013లో ఇచ్చిన హెచ్చరిక రోగుల అసలు మార్కులకు సరిపడదని మరికొందరు వాదించారు. రెండోది, కటాఫ్‌కు దగ్గరగా ఆగినవారిని ఎటు చేర్చాలన్నది. మూడోది, పరీక్ష మధ్యలో ప్రయత్నం హెచ్చుతగ్గులైతే ఏ మార్కులను ఉంచాలి, వేటిని తీసెయ్యాలన్నది.

ఈ అనిశ్చితిలో నివేదిక రాసేవారు ప్రశ్నలను విడదీసి జవాబు చెప్పడమే సబబు. ప్రామాణ్యత పరీక్షల్లో ఫెయిల్ అయితే, ఆ రోజు మార్కుల ఆధారంగా జ్ఞాపక లోపం ఉందనీ లేదనీ నిర్ధారించలేమని చెప్పడానికి ఆధారం సాధారణంగా సరిపోతుంది. ఆ వ్యక్తి కావాలనే నటిస్తున్నారని చెప్పడానికి మాత్రం అది ఒక్కటే చాలదు. దావా పత్రాలు, రోజువారీ పనితీరు, వైద్య చరిత్ర ఒకే దిశగా చూపాలి. చెల్లని మార్కులు గాయం లేదని నిరూపించవు, నిజమైన గాయం ఉన్నవారు కూడా దాన్ని పెంచి చూపవచ్చు కాబట్టి, మార్కులను పక్కన పెట్టిన తరువాత కూడా ప్రమాద వివరాలనూ స్కానింగునూ విడిగా తూచవలసిందే. పరీక్ష చెప్పగలిగిన మాట ఎక్కడ ఆగుతుందో నివేదికలో రాసినప్పుడే, ఆ తరువాతి నిర్ణయం న్యాయస్థానానిదే అన్న సంగతి స్పష్టంగా నిలుస్తుంది.